పల్నాటి వీరులకు ఒక పేక



పేకముక్కలనగానే మన పల్నాట్లో ముందు గుర్తొచ్చేది పందెం. ఊరవతల తోటలో పదిమంది పట్టుబడ్డారనీ, ముక్కలూ డబ్బూ స్వాధీనం చేసుకున్నారనీ పేపర్లో చదువుతూనే ఉంటాం. 1974 నాటి గేమింగ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పేకాటలో ఎకరాలు కరిగిపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి కాబట్టి ఆ చెడ్డపేరు ఊరికే వచ్చింది కాదు. పందెం సంగతి వేరు, ముక్క సంగతి వేరు. ఈ పూట నేను మాట్లాడబోయేది ముక్క గురించి. దాన్ని ఒకప్పుడు మన తెలుగువాళ్లు చేత్తో ఎలా తయారు చేసేవారు, ఈనాడు నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో కూర్చుని మళ్లీ ఎలా తయారు చేయవచ్చు అన్నది నా విషయం.

ఇస్పేటు, కళావరు, డైమను, ఆఠీను అనే నాలుగు రంగుల యాభైరెండు ముక్కల పేక మనకు సముద్రం దాటి వచ్చింది. అంతకుముందు మన దేశంలో ఆడిన పేకకు గంజీఫా అని పేరు. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. కాబట్టి తలకిందులు అనే మాటే లేదు, ఎటు పట్టుకున్నా ఒకటే. 1527లో బాబరు తన దినచర్యలో, సింధు పాలకుడు షా హసన్ అడిగితే గంజీఫా పంపించానని రాసుకున్నాడు. అక్బరు కాలానికి అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో పన్నెండు రంగులు, రంగుకు పన్నెండు ముక్కలు, మొత్తం 144 ముక్కల ఆటను వివరించాడు. తర్వాత జనంలో నిలిచింది ఎనిమిది రంగుల ఆట, అంటే 96 ముక్కలు. కిరీటం, వెండి నాణెం, కత్తి, సేవకుడు, వీణలాంటి వాద్యం, బంగారు నాణెం, పత్రం, సరుకు మూట అనేవి ఆ ఎనిమిది రంగుల గుర్తులు. ఒక రాజ్యంలో ఉండే శాఖలన్నీ ఆ పేకలో కనబడతాయి. హిందూ గృహాలకు చేరేసరికి ఆ గుర్తులు దశావతారాలయ్యాయి. మత్స్యం దగ్గర మొదలై కల్కి దాకా పది రంగులు, 120 ముక్కలు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయారు ఈ ఆట మీద ఎంత మక్కువ పెంచుకున్నాడంటే, కొత్త కొత్త ఆటలు తానే కల్పించాడు. వాటిలో చాముండేశ్వరి పేరు మీద చేసినదానికి 320 ముక్కలు!

ఇక మన సంగతి. తెలుగునాట గంజీఫాకు పేరుమోసిన ఊళ్లు రెండు. ఒకటి నిర్మల్. పొణికి కర్ర బొమ్మలు చేసే నకాషీలే అక్కడ గంజీఫా ముక్కలకూ రంగులు వేసేవారు. రెండోది నొస్సం. కోవెలకుంట్ల దగ్గర, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథలో వినబడే నొస్సమే అది. లక్కపూతతో చిత్రాలు వేసే పనివాళ్లు ఆ ఊళ్లో ఉండేవారు, గంజీఫా వాళ్ల చేతి పనే. నొస్సం ఇవాళ నంద్యాల జిల్లాలో ఉంది. ఆ జిల్లా, మన పల్నాడు జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. అంతకంటే పాత చుట్టరికం నేలలో ఉంది. కర్నూలు రాతి పొరలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే సున్నపురాయి వరుసలు కోవెలకుంట్ల ప్రాంతంలోనూ ఉన్నాయి, ఇక్కడ దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్లల కిందా ఉన్నాయి. నొస్సం చిత్రకారుడి కాళ్ల కింద ఏ రాయి ఉందో మన కాళ్ల కిందా అదే కుటుంబపు రాయి.

మహారాష్ట్రలోని సావంతవాడిలో ఈ కళ ఈనాటికీ బతికి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో రాజా ఖేమ్ సావంత్ కొలువుకు తెలుగు దేశం నుంచి శాస్త్రచర్చలకు వచ్చిన పండితుల దగ్గర ఈ ఆటను చూసి, తమ చిత్రకారులైన చితారీలు ముక్కలు చేయడం నేర్చారని ఆ ఊరివారు చెప్పుకుంటారు. ఆ కళ అక్కడా ఒక దశలో ఆఖరి ఊపిరి మీదికి వచ్చింది. పుండలీక్ చితారీ అనే వృద్ధ కళాకారుడు ఒక్కడే మిగిలితే, 1970ల ప్రాంతంలో రాజదంపతులు శివరామరాజే భోంస్లే, సత్వశీలాదేవి ఆయన దగ్గర కూర్చుని పని నేర్చుకున్నారు. రాజదర్బారు హాలునే పనిశాల చేసి యువకులకు నేర్పించారు. ఆ ఒక్క నిర్ణయం వల్ల సావంతవాడి గంజీఫా ఇవాళ బజారులో దొరుకుతోంది. నొస్సంలో అలా పూనుకున్నవారు లేకపోయారు. మన నిర్మల్, నొస్సం పేకలను చూడాలంటే మ్యూజియాలకు పోవాలి. బొంబాయిలో ఏళ్ల తరబడి ఉన్న రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ అనే కళావిమర్శకుడు గంజీఫాలను దేశమంతా వెదికి సేకరించి, 1982లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కోసం వాటి మీద పుస్తకం రాశాడు. ఈ విషయం తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ పుస్తకమే పెద్ద ఆధారం. ఆ పని తెలుగులో ఎవరో ఒకరు చేసి ఉండవలసింది.

మన చేతి పనిని ఓడించింది యంత్రం. 1832లో థామస్ డి లా రూ ఇంగ్లండులో పేకముక్కలను రంగుల్లో అచ్చువేసే పద్ధతికి హక్కులు పొందాడు. బెల్జియంలోని టర్న్‌హౌట్ పట్టణం ప్రపంచమంతటికీ పేకలు అచ్చువేసి పంపింది. చిత్రకారుడు రోజుల తరబడి కూర్చుని చేసిన 96 ముక్కల పేక, ఓడలో దిగిన కాగితపు పేకతో ధరలో ఎలా పోటీ పడుతుంది? ఆట మారింది, చేయి ఆగింది.

అసలు ఐరోపావారు కూడా మొదట యంత్రంతో మొదలుపెట్టినవారు కాదు. పదిహేనో శతాబ్దంలో అక్కడి పేకముక్కలు చెక్క అచ్చులతో వేసినవే. చెక్క మీద బొమ్మ గీతలు పైకి నిలిచేలా చుట్టూ చెక్కేసి, సిరా పూసి, తడి కాగితం పరచి, వెనక నుంచి రుద్దేవారు. గీతలు ఆరాక, రంగుకో స్టెన్సిల్ చొప్పున రంధ్రాలు కోసిన అట్టలు పెట్టి, కుంచెతో ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి, పసుపు ఒకసారి అద్దేవారు. కాగితాలను పొరలు పొరలుగా అతికించి, నున్నని రాయితో మెరుగుపెట్టి, చివర కత్తిరించేవారు. వెనిస్ నగరం 1441లోనే బయటి నుంచి వచ్చే అచ్చు పేకల మీద నిషేధం పెట్టింది. స్థానిక పనివాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫిర్యాదు. జపానులో 1889లో మొదలైన నింటెండో కంపెనీ, ఇవాళ వీడియో ఆటలకు పేరుమోసినది, మొదట చేసింది హనాఫుదా అనే పూల పేకముక్కలే. అవీ చేతి పనే.

ఈ చెక్క అచ్చు పని మనకు కొత్తది కాదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల కోసం టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిన్న ఉలులతో, వెంట్రుకవాసి తేడా రాకుండా ఆకులు, తీగలు, నెమళ్లు చెక్కుతారు. చెక్కిన అచ్చును కొన్నాళ్లు నూనెలో నానబెడతారు, నీళ్ల రంగు తాకినా ఉబ్బకుండా, పగలకుండా ఉండడానికి. నేను మీ ముందు పెట్టదలుచుకున్న ఆలోచన ఇక్కడే ఉంది. నొస్సం గుండ్రని ముక్క మీద పెడన అచ్చు వేద్దాం.

ఎలాగో చెబుతాను. ఇంట్లో చేసి చూసిన పద్ధతే చెబుతున్నాను, ఓపిక ఉన్నవాళ్లు రాసుకోండి.

ముందు చింతగింజలు. వేయించి, పైపొట్టు పోగొట్టి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నని సెగ మీద కలుపుతూ ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. చింతచెట్టు లేని ఊరు పల్నాట్లో ఉండదు, గింజలకు డబ్బు పెట్టనక్కర్లేదు. పాత నూలు పంచె ఒకటి తీసుకోండి. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. ఎన్నో ఉతుకులు చూసిన గుడ్డ అయితే మెత్తగా పీల్చుకుంటుంది. బల్ల మీద పరచి జిగురు పూసి, దాని మీద ఇంకో పొర పరచి, గాలి బుడగలు లేకుండా అరచేత్తో నెట్టాలి. మూడు నాలుగు పొరలైతే ముక్కకు తగిన బిగువు వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు కదా, రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతలు చెప్పేటప్పుడల్లా వినబడే పేరు. ఆ ఎండలో వేస్తే అట్ట గంటలో ఆరుతుంది, ఆరుతూనే అప్పడంలా ముడుచుకుంటుంది. నీడపట్టున బరువు పెట్టి ఆరబెట్టండి.

తర్వాత సుద్ద. మెత్తని సుద్దపొడిని చింతగింజ జిగురులో కలిపి రెండు వైపులా పలుచగా పూయాలి. ఒక పూత ఆరాక మరొకటి. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాళ్లు కోసే చోట పిండిలాంటి రాతిపొడి పడి ఉంటుంది. వస్త్రకాయితం పట్టి అడుగు పూతకు దాన్నే వాడవచ్చు, పైపూతకు మాత్రం తెల్ల సుద్ద కావాలి. పిడుగురాళ్ల సున్నం వాడదామని కొందరికి అనిపిస్తుంది. తాజా సున్నం వద్దు, చేతులు పొక్కుతాయి, కొన్ని రంగులు కూడా నిలవవు. పూతలు ఆరాక నున్నటి గులకరాయితో గుండ్రంగా రుద్దాలి. కృష్ణ ఒడ్డున ఏరుకున్న రాయి చాలు. రుద్దుతున్నకొద్దీ ఆ తెలుపులోంచి ఒక మెరుపు బయటికి వస్తుంది. అది కనిపించేదాకా చేయి ఆపకండి. పేకముక్క అందమంతా ఈ రుద్దుడులోనే ఉంది. రంగుల తర్వాత ఎంత మెరుగుపెట్టినా అది రాదు.

ముక్కలు గుండ్రంగా రావడానికి ఇనుప గొట్టం అంచు పదునుపెట్టి సుత్తితో కొట్టాలి. ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. రెండున్నర అంగుళాల వ్యాసం అయితే చేతికి బాగుంటుంది.

ఇప్పుడు అచ్చు. ఎనిమిది రంగుల పేకలో రంగుకు ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు పది, వాటి పైన రాజు, మంత్రి. అంటే 80 అంకె ముక్కలు, 16 బొమ్మ ముక్కలు. అంకె ముక్క మీద అంకె రాయరు, గుర్తును అన్నిసార్లు వేస్తారు. ఒకటి నుంచి పది దాకా కలిపితే 55, ఎనిమిది రంగులకు 440 గుర్తులు. పాత చిత్రకారులు ఆ 440నీ కుంచెతోనే వేసేవారు. వేలి గోరంత అచ్చులు ఎనిమిది చెక్కించుకుంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ శ్రమ తగ్గుతుంది. దీపపు మసిని తుమ్మజిగురు నీళ్లలో నూరితే నల్ల సిరా సిద్ధం. గుడ్డ మెత్త మీద సిరా పోసి, అచ్చును దాని మీద తట్టి, ముక్క మీద నిటారుగా దించి, నిటారుగా ఎత్తాలి. రంగులకు స్టెన్సిల్. పాత ఎక్స్‌రే ఫిల్ము కోసి చేసుకోవచ్చు, నీటికి చెడదు.

పదహారు రాజు, మంత్రి ముక్కలను మాత్రం అచ్చు వేయకండి. అవి చేత్తోనే గీయాలి. దీని మీద నాకు గట్టి పట్టుదల ఉంది. అచ్చు వేసిన 80 ముక్కల్లో పని నైపుణ్యం కనబడుతుంది, గీసిన ఆ పదహారింటిలో మనిషి కనబడతాడు. రెండూ ఒకే పేకలో ఉండాలి.

పాత రంగుల్లో ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు వాడేవారు. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో వాటి జోలికి పోవద్దు. కావిరాయి ఎరుపు, నీలిమందు, దుకాణంలో దొరికే విషం లేని పసుపు చాలు. చివరగా లక్కపూత. వెనక వైపు అన్ని ముక్కలకూ ఒకే రంగు, ఒక్క మరక లేకుండా వేయాలి. వెనక మరక ఉంటే ముక్క దొరికిపోతుంది, ఆట చెడుతుంది.

ఇక గుర్తులు ఏమిటి? మొఘలు కిరీటాలు, నాణేలు మళ్లీ వేస్తే అది నకలు అవుతుంది. నేను చాలా రోజులుగా దీని గురించి ఆలోచిస్తున్నాను. గంజీఫాలో ఒక విచిత్రమైన నియమం ఉంది. సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగం రంగుల్లో ఒకటి పెద్దది, పది చిన్నది. అంటే పేక రెండు పక్షాలుగా చీలి ఉంటుంది, ఒక పక్షపు లెక్క ఇంకో పక్షంలో తలకిందులు. మరో విశేషం, ఈ ఎనిమిది రంగుల పేకలో రాణి లేదు. రాజు తర్వాత మంత్రే. రెండు పక్షాలు, రాజుల కంటే మంత్రులే నడిపిన కథ అనగానే పల్నాటివాళ్లకు ఏం గుర్తొస్తుంది? గురజాల, మాచర్ల! నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు. నాగమ్మ రాణిగా రాలేదు, మంత్రిగానే వచ్చింది. పన్నెండో శతాబ్దపు మన పల్నాటి యుద్ధ కథకు ఇంతగా అమరే పేక మరొకటి లేదు.

కాబట్టి నాలుగు రంగులు గురజాలవి, నాలుగు మాచర్లవి. గురజాలకు కిరీటం, కోడిపుంజు, గంటం, గుర్రం. మాచర్లకు బొంగరం, కుంతం, శంఖం, చాప. బొంగరం బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడిది. చాప, చాపకూడుకు గుర్తు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన భోజనం అది. చాప రంగుకు మంత్రిగా బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు బొమ్మ వేయాలని నా కోరిక. గురజాల రంగుల్లో పెద్ద అంకె గెలుస్తుంది, మాచర్ల రంగుల్లో చిన్న అంకె గెలుస్తుంది. పిల్లవాడు ఆట నేర్చుకుంటూనే ఎవరు ఏ పక్షమో నేర్చుకుంటాడు.

ఆడడానికి ముగ్గురు కావాలి. 96 ముక్కలు తలా 32 పంచుకుంటారు. తురుపు లేదు. వేసిన రంగులో పెద్ద ముక్క ఎవరిదో వారు మూడు ముక్కలూ ఎత్తుకుంటారు. పోయిన ముక్కలన్నీ గుర్తుంచుకున్నవాడే గెలుస్తాడు, కాబట్టి ఇది జ్ఞాపకశక్తికి పరీక్ష. పేకాటలో నేర్పు ఉందని న్యాయస్థానమే ఒప్పుకున్న సందర్భం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. నేను చెప్పే పేకలో అసలు పందెమే వద్దు.

ఇది అమ్ముడవుతుందా అని మీరు అడగవచ్చు. ఏటా కార్తీకంలో కారెంపూడిలో వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. ఎక్కడెక్కడి నుంచో ఆయుధాలు మోసుకుని వస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. అక్కడికి వచ్చిన మనిషి ఇంటికి తీసుకుపోయే వస్తువుల్లో పల్నాటి కథ చెప్పేది ఏముంది? చెక్క పెట్టెలో 96 ముక్కల పేక ఉంటే కొనేవాళ్లు తప్పక ఉంటారు. పెట్టె కొనలేనివారికి నాగమ్మ ముక్క ఒకటి, బాలచంద్రుడి ముక్క ఒకటి విడిగా అమ్మవచ్చు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల హైస్కూళ్లలో డ్రాయింగు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నాది ఒక విన్నపం. ఒక తరగతి పిల్లలకు ఒక పేక. ఒక్కో పిల్లకు రెండు మూడు ముక్కలు వస్తాయి, ఒక సెలవుల్లో పని అయిపోతుంది. పెడన వెళ్లి అచ్చులు చెక్కే పనివాళ్లను కలవండి. చెక్క మీద చెక్కాలంటే బొమ్మ అద్దంలోలా తిరగేసి ఇవ్వాలని మరిచిపోకండి. చేనేత, హస్తకళల శాఖవారు తలుచుకుంటే సావంతవాడి నుంచి పనివాళ్లను పిలిపించి, వారం రోజులు ఇక్కడ నేర్పించడం పెద్ద ఖర్చు కాదు. ఒకప్పుడు ఆ ఊరికి ఈ ఆట మన వైపు నుంచే వెళ్లిందని వాళ్లే చెబుతున్నారు కాబట్టి, అడగడానికి మొహమాటం కూడా అక్కర్లేదు. మీ ఇంట్లో పాత గుండ్రని ముక్కలు, రంగు వెలసినవైనా, ఒకటో రెండో మిగిలి ఉంటే పారేయకండి. గుడ్డలో చుట్టి పొడిగా దాచి, దగ్గరలో ఉన్న మ్యూజియంవారికి చూపించండి.

చింతగింజలు ఏరడం ఈ వేసవిలోనే మొదలుపెట్టండి. కార్తీకానికి పేక సిద్ధమవుతుంది.